రంగు మారిన తోలు చెప్పులు: కారణములు, మరమ్మతు, పంచాయతీ బాధ్యత

రాయలసీమ పల్లెలలో చెప్పును సేద్యపు పనిముట్లలో ఒకటిగా లెక్కింపవలెను. మైదుకూరు చుట్టుపట్ల చేనిగట్ల మీద నడచువారికి తుమ్మముల్లు, రేగుముల్లు, పల్లేరుకాయ నిత్యము ఎదురగుచుండును. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటిన దినములలో ఉత్తకాలితో నేల మోపుట దుర్భరము. ఉత్తకాళ్లతో తిరుగువారికి కొంకిపురుగు అరికాలి చర్మము గుండా శరీరములో ప్రవేశించి రక్తహీనత కలిగించును. మధుమేహము గలవారికి అరికాలిలో చిన్నగాయమైనను పెద్ద ఆపదకు దారితీయవచ్చును. కావున గట్టి చెప్పు ఒక జత ఇంట ఉండుట ఆరోగ్యమునకు సంబంధించిన విషయము.

అయితే తోలు చెప్పునకు అట్ట అరుగుటకు ముందే రంగు చెడును. తెల్లని పొరలు, నల్లని చుక్కలు, ఎర్రమట్టి చారలు, పసుపు మరకలు కనబడగానే జత పాడైనదని భావించి మూలకు వేయువారు పెక్కుమంది కలరు. తోలు గట్టిగా ఉండగా మచ్చను చూచి పారవేసిన ఇంటికి సొమ్ము నష్టము. ఊరిలో చెప్పులు కుట్టి జీవించు పనివానికి పని నష్టము. ఈ రెండు నష్టములను తప్పించు మార్గమును పంచాయతీ సభ్యుల ముందుంచుటయే మా ఉద్దేశము. మేము చెప్పదలచినది ఒక్కటే: మచ్చ ఏ కారణమున వచ్చినదో తెలిసికొనక మందు వేయరాదు. ఒక మచ్చను పోగొట్టు వస్తువు మరియొక మచ్చను ముదురజేయును.

తోలు ఎట్లు తయారగును?

పచ్చిచర్మము నిలువ ఉన్నచో కుళ్లును, ఎండినచో బిరుసెక్కును. దానిని కుళ్లకుండ, మెత్తగా నిలుచునట్లు చేయుటయే పదును. మన ప్రాంతపు పూర్వపద్ధతిలో చర్మమును సున్నపునీటిలో నానబెట్టి, వెండ్రుకలు తీసి, తంగేడు చెక్క వేసిన లందలో ఊరవేసెడివారు. తుమ్మచెక్క, కరక్కాయ కూడ ఈ పనికి వచ్చును. నల్లమల అడవులలో కరక్కాయ, మెట్ట బీళ్లలో తంగేడు సహజముగా పెరుగును. వీటిలోని వగరు పదార్థము చర్మపు నారలను పట్టుకొని, వాటిని కుళ్లకుండ కాపాడును. తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్లు పూర్వపు మద్రాసు రాష్ట్రమునుండి విరివిగా విదేశములకు ఎగుమతి అయ్యెడివి.

రెండవది క్రోము పదును. ఇందు చెక్కకు బదులు క్రోమియము లవణములు వాడుదురు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ పర్యవేక్షణలో మద్రాసులో ఈ పద్ధతిపై ప్రయోగములు జరిగినవి. 1948లో మద్రాసులో శంకుస్థాపన జరిగిన కేంద్ర తోలు పరిశోధనా సంస్థ ఈ రెండు పద్ధతులపైనను పరిశోధనలు సాగించుచున్నది. నేడు అంగళ్లలో దొరకు బూట్లలో అధికభాగము క్రోము తోలుతో చేసినవి. వాటి పైభాగమున రంగుపూత పొర ఉండును.

మొదట గుర్తింపవలసినది

చెప్పును చేతికి తీసికొని దాని కోసిన అంచును చూడవలెను. అంచు లోపలివరకు గోధుమరంగు ఉన్నచో అది సాధారణముగా చెక్కపదును తోలు. అంచు మధ్యభాగము లేత నీలముగాగాని బూడిదరంగుగాగాని ఉన్నచో క్రోము తోలు. అంచున నారలకు బదులు గుడ్డపోగులు, వాటిపై పలుచని పొర కనబడినచో అది రెక్సిను.

ఇక నీటిబొట్టు పరీక్ష. చెక్కపదును తోలుపై పూత లేనిచో బొట్టు క్షణములలో ఇంకి, ఆచోటు నల్లబారును. పూత ఉన్న తోలుపై బొట్టు నిలుచును. రెక్సినుపై కూడ బొట్టు నిలుచును గాని, దాని పొర ఒకసారి పెచ్చులూడ మొదలిడినచో ఏ రంగుతోను అది బాగుపడదు. అట్టిదానిపై ఖర్చు చేయవద్దని సలహా చెప్పుటయే మేలు.

మచ్చలు, వాటి కారణములు, చికిత్సలు

1. నీటి చారలు. వానలోగాని, కాలువ నీటిలోగాని తడిసిన చెప్పుపై నల్లని అంచు గల చార ఏర్పడును. తోలులోని వగరు పదార్థము నీటిలో కరిగి, నీరు ఎచ్చట ఆగి ఆరినదో అచ్చట పేరుకొనుటయే దీనికి కారణము. చారను మాత్రమే తుడిచినచో దాని పక్క కొత్తచార పుట్టును. తడిగుడ్డతో చెప్పు పైభాగమంతయు సమానముగా తడిపి, లోపల పాతకాగితములు కూరి, నీడలో ఆరవేయవలెను. కాగితములు తడిసినప్పుడెల్ల మార్చవలెను. పొయ్యిపక్కన ఆరబెట్టుట తప్పు. చెక్కపదును తోలు తడిగా ఉన్నప్పుడు సుమారు 70 నుండి 85 డిగ్రీల వేడికి ముడుచుకొనిపోవును. అట్లు ముడిచిన తోలు మరల సాగదు.

2. తెల్లని పొర. ఇది మూడు విధములు. మూడును కంటికి ఒకేవిధముగా కనబడుటచే పొరపాటు జరుగుచుండును.

మొదటిది ఉప్పు. చెమటలోని ఉప్పు, ఎరువుల లవణములు, ఉప్పునేలలోని తడి తోలులోనికి ఇంకి, ఆరినప్పుడు పైకి తేలును. వ్రేలికి గరగరలాడును. తడిగుడ్డతో తుడిచినచో పోయి, ఆరిన తరువాత మరల వచ్చును. దీనికి వెనిగరు ఒక పాలు, నీరు ఒక పాలు కలిపి, గుడ్డను ముంచి పిండి, రెండుమూడు మారులు తుడువవలెను. ఒక్కొక్కసారి తుడిచిన తరువాత పూర్తిగా ఆరనీయవలెను. మన ప్రాంతమున బోరునీరు అనేక గ్రామములలో ఉప్పగా ఉండును. ఆ నీటితో కడిగినచో ఉప్పును తీయుటకు ఉప్పునే పూసినట్లగును. వాననీరుగాని, శుద్ధిజల కేంద్రపు నీరుగాని వాడవలెను.

రెండవది కొవ్వు. తోలులో పట్టించిన కొవ్వు చలిదినములలో పైకి తేలి తెల్లగా పేరుకొనును. వెచ్చని గుడ్డతో రుద్దగానే కరిగి మాయమగును. ఇది దోషము కాదు. తుడిచి మెరుగు పెట్టిన చాలును.

మూడవది బూజు. ముక్క వాసనవచ్చును, నూగుగా ఉండును, రోజురోజుకు వ్యాపించును. గాలిలేనిచోట తడిచెప్పును పెట్టుటవలన కలుగును. దీనిని ఇంటివెలుపల, ముక్కునకు గుడ్డ కట్టుకొని, పొడి బ్రష్షుతో దులుపవలెను. పిమ్మట పైన చెప్పిన వెనిగరు నీటితో తుడిచి, గాలితగులు నీడలో రెండుదినములు ఆరనీయవలెను. ఒక జతకు పట్టిన బూజు పక్కజతకు అంటును గావున దానిని వేరుగా ఉంచవలెను.

3. నల్లని చుక్కలు. మేకులు, బకిళ్ల చుట్టును ఇవి కనబడును. తుప్పుపట్టిన ఇనుము తోలులోని వగరుతో కలిసి నల్లని పదార్థమగును. పూర్వము కరక్కాయ కషాయమున అన్నభేదిని కలిపి సిరా చేసికొన్నదియు ఈ సూత్రము మీదనే. మచ్చకు మూలము మేకు గావున, ముందు తుప్పుమేకును తీసి ఇత్తడిమేకు వేయవలెను, లేదా దారముతో కుట్టవలెను. మేకు ఉండగా మచ్చను తుడుచుట వృథా. పిమ్మట నిమ్మరసమును నీటితో పలుచనచేసి, పుల్లకు దూది చుట్టి, చుక్కపై మాత్రము అద్ది, కొద్దినిమిషములలో తడిగుడ్డతో తుడిచివేయవలెను. పాతమచ్చ పూర్తిగా పోకపోవచ్చును. అప్పుడు చెప్పునంతటిని నల్లగా మార్చుట సులభమార్గము.

4. ఎర్రమట్టి చారలు. మన ఎర్రనేలకు ఆ రంగు ఇనుము వలననే వచ్చినది. మట్టి తడిగా ఉన్నప్పుడు రుద్దినచో అది తోలు రంధ్రములలోనికి దిగును. పూర్తిగా ఆరనిచ్చి, పొడి బ్రష్షుతో దులిపి, ఆ తరువాతనే తడిగుడ్డ వాడవలెను. నల్లరేగడి మట్టికిని ఇదే విధానము.

5. పసుపు మరకలు. కె.సి. కాలువ క్రింద మైదుకూరు, దువ్వూరు, ఖాజీపేట ప్రాంతములలో పసుపు సాగగుచున్నది. కొమ్ములు ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపట్టు పనులలో చెప్పులకు పసుపు అంటుట సహజము. ఇందు ఎక్కువగా జరుగు తప్పు సబ్బుతో రుద్దుట. పసుపు, సున్నము కలిపిన పారాణి ఎర్రనగుట అందరికిని తెలిసినదే. సున్నమువలెనే సబ్బు, చాకలిసోడా కూడ క్షారములు. వాటితో రుద్దిన పసుపుమరక ఎర్రబారి తోలులో నిలిచిపోవును. కావున పొడిని దులిపి, మంచినీటి గుడ్డతో అద్ది, ఉదయపు లేతయెండలో ఒక గంటసేపు మరకవైపు మాత్రము ఉంచవలెను. పసుపురంగు వెలుతురుకు వెలిసిపోవు స్వభావము గలది. రెండుమూడు దినములిట్లు చేసి, తుదకు నూనె పట్టింపవలెను. అట్లు చేయనిచో ఎండకు తోలు బిరుసెక్కును.

6. వెలిసిన రంగు, పగుళ్లు. ఎండ తగిలి తోలులోని కొవ్వు తగ్గినప్పుడు రంగు పాలిపోవును, మడతలయందు చీలికలు పుట్టును. తుడిచిన తోలుపై ఆముదమును గుడ్డతో అతిపలుచగా పట్టించి, ఒక రాత్రి ఉంచి, మిగిలినదానిని తుడిచివేయవలెను. ఆముదము ఎండి పొరకట్టదు గనుక తోలును మెత్తగా ఉంచును. అవిసెనూనె ఎండి గట్టిపొరయగును గనుక పనికిరాదు. నూనె ఎక్కువైనచో కుట్టు సడలును, ధూళి పట్టును. లేతరంగు తోలు నూనెకు నల్లబారును గావున మడమ వెనుక చిన్నచోట పట్టించి చూచి, పిమ్మటనే మొత్తమునకు పట్టింపవలెను.

రంగు వేయు క్రమము

మచ్చ పోయినను రంగు సమముగా లేనిచో మరల రంగు వేయవచ్చును. క్రమము తప్పినచో రంగు నిలువదు.

మొదట కుట్లు, అట్ట, వారు పరీక్షించి, తెగినవి కుట్టవలెను. రంగు వేసిన తరువాత కుట్టినచో ఆరెపోట్లు తెల్లగా కనబడును. రెండవది, పాత పాలిషును తడిగుడ్డతోను, అవసరమైనచో కొద్ది స్పిరిటుతోను తీసివేయవలెను. మైనముపై రంగు పట్టదు. మూడవది, గరుకుచోట్లను సన్నని ఉప్పుకాగితముతో తేలికగా నునుపు చేయవలెను. నాలుగవది, తోలురంగును గుడ్డతో పలుచగా, ఒకేదిశగా పూసి, ఆరిన తరువాత రెండవపూత వేయవలెను. ఒక మందపుపూత కంటె రెండు పలుచని పూతలు మేలు. ముదురురంగును లేతరంగుగా మార్చుట సాధ్యము కాదు. గోధుమరంగు నలుపగునుగాని నలుపు గోధుమరంగు కానేరదు. అయిదవది, పూర్తిగా ఆరిన పిమ్మట పొడిగుడ్డతో రుద్ది, మైనపుపాలిషు వేసి మెరుగు పెట్టవలెను. రంగుగుడ్డ తెల్లగుడ్డకు అంటకుండునంతవరకు చెప్పును యజమానికి ఇయ్యరాదు.

చెక్కపదును తోలును నలుపుచేయుటకు ఖర్చులేని పాతపద్ధతి యొకటి కలదు. తుప్పుపట్టిన మేకులను, ఇనుపముక్కలను బెల్లపునీటిలో వేసి, మట్టికుండలో మూత వదులుగా ఉంచి పులియనీయవలెను. పదిపదునైదు దినములకు నీరు నల్లబారును. దానిని వడగట్టి తోలుపై పలుచగా పూసినచో, తోలులోని వగరుతో కలిసి నల్లరంగు అచ్చటనే పుట్టును. ఇది పైపూత కాదు గనుక పెచ్చులూడదు. ఆరిన తరువాత వంటసోడా కొద్దిగా కలిపిన నీటిగుడ్డతో ఒకసారి, మంచినీటి గుడ్డతో మరియొకసారి తుడిచి, ఆముదము పట్టింపవలెను. ఇనుము అధికమైనచో కాలక్రమమున తోలు పెళుసగును గావున ఒకటి రెండు పూతలతో ఆపవలెను. ఈ నీరు క్రోము తోలుపై సరిగా పనిచేయదు.

చేయరాని పనులు

పెట్రోలుతోగాని కిరసనాయిలుతోగాని తోలు తుడువరాదు. తోలులోని కొవ్వు పోవును, నిప్పు ప్రమాదమును కలదు. బట్టలకు వాడు బ్లీచింగు పొడి తోలు నారలనే చెరచును. అట్ట అంటించు జిగురు ఆవిరి ఆరోగ్యమునకు హాని గనుక మూసినగదిలో వాడరాదు, దాని డబ్బా వద్ద బీడీ వెలిగింపరాదు, పిల్లలకు అందనీయరాదు. క్రోము తోలుముక్కలను చలిమంటకుగాని పొయ్యిలోగాని కాల్చరాదు. కాల్చినచో విషకరమైన క్రోమియము రూపము ఏర్పడవచ్చును. ఆ ముక్కలను పొడిచెత్తతో కలిపి పంపునట్లు పంచాయతీ పారిశుధ్య సిబ్బందికి తెలుపవలెను.

పంచాయతీ చేయదగిన సాయము

పైన చెప్పిన పనులలో కొన్ని ఎవరింట వారు చేసికొనవచ్చును. కాని మేకు మార్చుట, అట్ట కుట్టుట, రంగు కలుపుట నేర్చిన చేతులకే సాధ్యము. ఆరె, రంపె, గూటము, ఇనుపదిమ్మ పట్టుకొని రోడ్డుపక్కన ఎండలో కూర్చుండు పనివాడు ఆ విద్య గలవాడు. అతడు పని మానినచో ఊరికి ఆ విద్య దూరమగును. కర్నూలు, కడప దారియు, బద్వేలు, ప్రొద్దుటూరు దారియు మైదుకూరులో కలియుచున్నందున చుట్టుపక్కల గ్రామములవారు ఏ పనికైనను అచ్చటికే పోవుదురు. మరమ్మతు ఊరిలోనే జరిగినచో వారికి ఒకపూట కూలియు, దారిఖర్చును మిగులును.

రాజ్యాంగము 73వ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో ఖాదీ, గ్రామీణ, కుటీర పరిశ్రమలు పంచాయతీలకు సంబంధించిన విషయములుగా పేర్కొనబడినవి. కావున ఇది దయతో చేయు పని కాదు, మన బాధ్యతలలోనిది.

మొదటి సాయము నీడ. బస్సులాగుచోటనో, సంత జరుగుచోటనో ఆరడుగుల రేకునీడ, కూర్చుండుటకు గట్టి అరుగు ఏర్పరచినచో పనివానికిని, చెప్పులకును ఎండ తప్పును. రంగు నీడలో ఆరినచో నిలుచునని పైన చెప్పియున్నాము.

రెండవది గౌరవము. రాజ్యాంగము 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసినది. 1955లో దానిని శిక్షార్హముగా చేయు చట్టము వచ్చి, తరువాత పౌరహక్కుల రక్షణ చట్టమను పేర అమలులోనున్నది. చెప్పులు కుట్టువానికి మంచినీటి కుళాయివద్దను, హోటలు బల్లవద్దను భేదము చూపుట నేరము. మైదుకూరునకు సమీపమున కందిమల్లాయపల్లెలో నివసించిన పోతులూరి వీరబ్రహ్మము శిష్యులలో కక్కయ్య మాదిగ కులమువాడని ఈ ప్రాంతపు ప్రజలు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఆ మఠమును సేవించు జనులు తోలుపని చేయువారిని దూరముంచుట ఎట్లు తగును? మరియు ఈ వృత్తి ఏ ఒక్క కులమునకును విధింపబడినది కాదు. చేయదలచిన వారెవరైనను నేర్వవచ్చును, మానదలచినవారు మానవచ్చును. వారి పిల్లలు బడికి పోవునట్లు చూచుట సభ్యుల విధి.

మూడవది పథకముల సాయము. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున పేర్కొన్న 18 వృత్తులలో చర్మకారులు, పాదరక్షలు చేయువారు కలరు. దీనిక్రింద ప్రాథమిక శిక్షణ, శిక్షణకాలమున దినమునకు 500 రూపాయల భత్యము, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయము లభించును. పూచీకత్తు లేకుండ మొదట లక్ష రూపాయలు, దానిని తీర్చినపిదప రెండులక్షల వరకు 5 శాతము వడ్డీకి ఋణము దొరకును. వయస్సు 18 సంవత్సరములు నిండినవారు, కుటుంబమునకు ఒకరు చొప్పున అర్హులు. ప్రభుత్వోద్యోగులు, వారి కుటుంబసభ్యులు అనర్హులు. ఈ పథకము 2027-28 ఆర్థిక సంవత్సరము వరకు ఉద్దేశింపబడినది.

ఇచ్చట సర్పంచులు ముఖ్యముగా గమనింపవలసినది ఒకటి కలదు. దరఖాస్తు కామన్ సర్వీసు సెంటరులో నమోదైన తరువాత మొదటిదశ పరిశీలన గ్రామపంచాయతీ చేతనే జరుగవలెను. పంచాయతీ ఆలసించినచో దరఖాస్తు అచ్చటనే నిలిచిపోవును. అర్హుడైన పనివాని కాగితము ఒక సంతకము కొరకు మాసముల తరబడి ఎదురుచూచుట మనకు తగదు. అట్లే సంప్రదాయ చర్మకారులకు రాష్ట్రప్రభుత్వ పింఛను 2024లో నెలకు 4,000 రూపాయలకు పెంచబడినది. అర్హులై కూడ పొందనివారు ఊరిలో ఉన్నారేమో విచారింపవలెను.

వచ్చు సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

మన గ్రామమున తోలుపని తెలిసినవారు ఎందరు? వారిలో పథకమునకు దరఖాస్తు చేసినవారెందరు, వాటిలో మనవద్ద పరిశీలన కాక నిలిచినవెన్ని? వారు పనిచేయుచోట నీడ, మంచినీరు కలవా? నూతన చెప్పులకు నోచని వృద్ధులకు, కూలీలకు, మరమ్మతు చేసిన పాతజతలను అందించుటకు పాఠశాల, యువజన సంఘములు పూనుకొనగలవా? వానకాలము రాకముందు ఒకదినము మరమ్మతు దినముగా నిర్ణయించి, పనివానికి తగిన కూలి ఇచ్చి, ఇంటింటి పాతజతలను ఒకచోట చేర్పించుట సాధ్యమేనా?

ఈ ప్రశ్నలకు సమాధానములను తీర్మానముల పుస్తకములో వ్రాసికొని, తదుపరి సమావేశమున ఎంతవరకు నెరవేరినవో చదివి చూచుకొనవలెనని సభ్యులను కోరుచున్నాము.